నాలుగు మేకుల లోపల

సిద్ధవటం దాటి, పెన్న ఇసుక దాటి
లంకమల కింద ఎర్రనేల మీద
నాలుగు మేకులు కొట్టి తాడు కట్టాం.
పది మీటర్లు ఇటు, పది మీటర్లు అటు.
లోపల మొలిచినవన్నీ రాయాలి.
అదే నా ఉద్యోగం, తొమ్మిది నెలల కాంట్రాక్టు.

పేర్లు చెప్పడానికి పోలమ్మ వచ్చింది.
మస్టర్లో ఆమె వేలిముద్ర,
పక్కన 'సహాయకురాలు' అని నా రాత.
ఎవరు ఎవరికి సహాయమో
మొదటి గంటలోనే తేలిపోయింది.

"ఇది కలివి. పూసినప్పుడు మల్లె అనుకుంటావు,
చెయ్యి పెడితే తెలుస్తాది.
ఇది బలుసు. ఇది గొట్టి.
అది పరికి. కొంగు పట్టిందంటే ఇడ్సదు.
లాగొద్దు, ఎనక్కి ఒకడుగు ఎయ్యి,
అదే ఇడుస్తాది."

నేను లాగాను.
ఆ చిరుగు ఇంకా నా చున్నీకి ఉంది.

ఫారంలో ఏడో గడి: ఉపయోగం.
బందారు: ఎముక విరిగితే ఆకు కట్టు.
నల్లేరు: పచ్చడికి, మోకాళ్లకు.
కుందేటి కొమ్ములు:
"నమిలితే ఆకలి చచ్చిపోతాది.
కరువేడు మా యమ్మ మాకు పొద్దుగూకినాక
ఇయ్యే పెట్టి నిద్రపుచ్చేది."

ఉపయోగం: నిద్ర, అని రాయనా?
పెన్ను కాసేపు ఎండలో అట్లాగే ఆగింది.

జీపులో వచ్చేవాళ్లవి రెండే ప్రశ్నలు.
ఎర్రచందనాలెన్ని?
కలివికోడి కనపడిందా?

చందనానికి నంబరుంది, కొలతుంది,
రాత్రిపూట టార్చిలైటు కాపలా ఉంది.
కోడి అడుగు పడుతుందేమోనని
పొదల మధ్య జల్లెడ పట్టిన ఇసుక పరిచాం.
ఉడుము తోక గీసిన గీత పడింది.
కుందేలు పడింది.
ఒకరోజు తెల్లారి చూస్తే
మా చెప్పుల గుర్తులే పడివున్నాయి,
ఎవరో చాలా పెద్ద, తెలివిలేని పక్షి తిరిగినట్టు.

కలివి ఎట్లుందని మాత్రం
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.
ఆ కోడికి పేరిచ్చిందీ అదే,
నీడిచ్చిందీ అదే.

పదకొండో చదరం
పోయిన వేసవిలో కాలిపోయిన జాగా.
బీడీ ముక్కంటారు కొందరు, పగంటారు కొందరు.
నేను 'ఏమీ లేవు' అని రాయబోతున్నాను.
పోలమ్మ గొంతుక్కూచుని
నల్లటి మోడును గోటితో గీరింది.
లోపల పచ్చ,
దారమంత.

"సచ్చినట్టు నటిస్తాండాది.
వాన పడేదాకా ఇది ఎవుర్నీ నమ్మదు."

ఆ మోడు పక్కన, బూడిదలో
గోరంత మొక్క, రెండాకులు,
ఉందా లేదా అన్నట్టు ఒక తెల్లపువ్వు.

ఇదేంది?
"బూడిదమ్మి."
దేనికి పనికొస్తుంది?
"దేనికీ రాదు."
మేకలు?
"ముట్టవు."
మందూ మాకూ?
"కాదు."
మరి పేరెందుకు పెట్టారు?

పోలమ్మ నన్ను
తాడు బయట మొలిచినదాన్ని చూసినట్టు చూసింది.

"సూసినాం గదమ్మా."

ఆఫీసు కంప్యూటరు ఖాళీ గడిని ఒప్పుకోదు.
ఏదో ఒకటి కొట్టందే ముందుకు పోనీదు.
బూడిదమ్మికి ఎదురుగా
ఒక అడ్డగీత కొట్టాను.
తీసుకుంది.
ఆ గీతను చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కాంట్రాక్టు అయిపోయిన రోజు
మేకులు పీకడానికి ఒక్కదాన్నే వెళ్లాను.
పోలమ్మ మస్టరు ముందునెలే ఆగిపోయింది,
నిమ్మతోటలో కోతకు పోయిందట.
వానలు రెండు పడ్డాయి.
మోళ్లు నమ్మినట్టే ఉన్నాయి.
బూడిద లేదు, బూడిదమ్మీ లేదు,
లేకపోతే నేను తొక్కి ఉంటాను.

మూడు మేకులు వచ్చేశాయి.
నాలుగోదానికి పరికి చుట్టుకుని ఉంది.

ఒకడుగు వెనక్కి వేశాను.
మేకును దానికే వదిలేసి వచ్చాను.
స్టోరు రిజిస్టర్లో 'ఒకటి తక్కువ' అని రాసి
నా కూలిలో
పాతిక రూపాయలు పట్టుకున్నారు.